వగరు తెలిసిన నాలుకకు ఇటలీ రెడ్ వైన్: రుచి చూసే పద్ధతి, మెట్టు మెట్టుగా

ఇటలీ సంప్రదాయ ద్రాక్షల నుంచి తీసిన రెడ్ వైన్‌ను మొదటిసారి తాగినవారిలో చాలామంది అనే మాట ఒకటే: పుల్లగా ఉంది, నోరంతా పట్టేసింది. వారు దాన్ని ఫిర్యాదుగానే అంటారు గానీ, ఆ వైన్ గురించి తెలుసుకోవలసిన రెండు ముఖ్యమైన సంగతులూ ఆ మాటలోనే ఉన్నాయి. ఇటలీ రెడ్ వైన్ల నిర్మాణమంతా పులుపు మీదా వగరు మీదా నిలబడి ఉంటుంది. పండ్ల వాసనలు, పూల పరిమళాలు, పీపా నుంచి వచ్చే మసాలా వాసనలు ఆ రెండు స్తంభాల మధ్య కట్టిన గోడల వంటివి. వైన్ గురించి ఇంగ్లీషులో చదివి నేర్చుకున్నవారు వగరును ‘టానిన్’ అనే రసాయన పదంతో మొదలుపెట్టి, అది రుచా స్పర్శా అని తర్జనభర్జన పడుతుంటారు. మనకు ఆ ఇబ్బంది లేదు. ఉగాది పచ్చడిలో చింతపండు పులుపును, మామిడి ముక్క వగరును చిన్నప్పుడే వేరు చేసి గుర్తించిన నాలుక మనది. ఆ నేర్పును గ్లాసు దగ్గరికి ఎలా తీసుకురావాలో చెప్పడమే ఈ వ్యాసం పని. ఇందులో ఇటలీలో పుట్టి పెరిగిన ద్రాక్షల గురించే చెబుతాను. టస్కనీ సముద్రతీరాన బోల్గెరి ప్రాంతంలో ఫ్రెంచి కాబెర్నె ద్రాక్షతో చేసే పేరుమోసిన వైన్లు గొప్పవే అయినా, వాటి కథ వేరు.

మొదటి మెట్టు: సీసా తెరవక ముందే నాలుకకు పాఠం

ఒక గ్లాసు నీళ్లలో అర చెక్క నిమ్మకాయ పిండి, చక్కెర గానీ ఉప్పు గానీ వేయకుండా పక్కన పెట్టుకోవాలి. మరో గిన్నెలో గ్లాసు నీళ్లకు రెండు చెంచాల టీ పొడి వేసి అయిదు నిమిషాలు మరిగించి, పాలు కలపకుండా వడగట్టి చల్లార్చుకోవాలి. ముందు నిమ్మనీళ్లు ఒక గుక్క నోట్లో పెట్టుకుని, నాలుక కింద, దవడల మూలల్లో ఏం జరుగుతోందో గమనించాలి. అక్కడ లాలాజలం ఊరుతుంది, పళ్లు కొద్దిగా పులుస్తాయి. పులుపు గుర్తు అదే: నోరు తడుస్తుంది. తరువాత డికాక్షన్ ఒక గుక్క తీసుకుంటే దీనికి సరిగ్గా తలకిందులైన అనుభవం కలుగుతుంది. నాలుక పిడచకట్టినట్టవుతుంది, అంగిలికి నాలుకను రాస్తే గరుకుగా తగులుతుంది, పై పెదవికీ చిగురుకూ మధ్య జారుడు పోతుంది. పచ్చి అరటికాయ ముక్క కొరికినా, పండీపండని నేరేడు పండు తిన్నా కలిగేది ఇదే. వగరు గుర్తు నోరు ఆరిపోవడం.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే తరువాతి మెట్లన్నీ సులువవుతాయి. లాలాజలంలో ఉండే ప్రొటీన్లు నోటిని జారుడుగా ఉంచుతాయి. ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్లు ఆ ప్రొటీన్లను పట్టుకుని ముద్ద కట్టిస్తాయి కనుక నోరు గరుకెక్కుతుంది. ఇప్పుడు ఒక చిన్న చీజ్ ముక్క నమిలి, మళ్లీ అదే డికాక్షన్ తాగి చూడాలి. ఈసారి వగరు సగానికి సగం తగ్గినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే టానిన్లకు పట్టుకోవడానికి చీజ్‌లోని ప్రొటీను, కొవ్వు దొరికాయి, మన లాలాజలం జోలికి రావడం తగ్గింది. ఇటలీలో వైన్‌ను భోజనం బల్ల మీద నుంచి విడదీసి ఎందుకు ఆలోచించరో ఈ ఒక్క ప్రయోగం చెబుతుంది.

రెండో మెట్టు: ఏ సీసా కొనాలి, దాని మీద ఏం చదవాలి

ఇటలీ సీసా చీటీ కొత్తవారిని తికమక పెట్టడానికి కారణం, అక్కడ ఎక్కువ వైన్లను ద్రాక్ష పేరుతో కాక ఊరి పేరుతో పిలవడం. బరోలో అన్నది ఊరు, అందులోని ద్రాక్ష నెబ్బియోలో. కియాంతి కొండల ప్రాంతం, ద్రాక్ష సాంజొవేజె. తౌరాజి ఊరు, ద్రాక్ష అల్యానికో. దీన్ని మించిన చిక్కు మొంతెపుల్చానో అనే మాటతో వస్తుంది. ‘వీనో నోబిలె ది మొంతెపుల్చానో’ అంటే టస్కనీలోని మొంతెపుల్చానో పట్టణపు వైన్, దాన్ని సాంజొవేజెతో చేస్తారు. ‘మొంతెపుల్చానో ద అబ్రుత్సో’ అంటే అబ్రుత్సో ప్రాంతంలో మొంతెపుల్చానో అనే వేరే ద్రాక్షతో చేసిన వైన్. ఈ రెండింటికీ పేరు తప్ప చుట్టరికం లేదు. అన్నట్టు, ఇటాలియన్ మాటలు కూడా మన మాటల్లాగే చాలావరకు అచ్చులతో ముగుస్తాయి, వాటిలోని ద్విత్వాలను నొక్కి పలకాలి. తెలుగు లిపిలో రాసుకుని చదివితే ఉచ్చారణ దాదాపు కుదిరిపోతుంది.

ప్రాంతాల పేర్లకు రక్షణ కల్పించే చట్టం ఇటలీలో 1963లో వచ్చింది. ఆ వ్యవస్థలో డీఓసీ (నియంత్రిత మూలస్థాన నామం) ఒక మెట్టు, దానికి పైన డీఓసీజీ (నియంత్రిత, హామీ ఉన్న మూలస్థాన నామం). ఏ ఊళ్ల పొలాలు, ఏ ద్రాక్ష ఎంత శాతం, పీపాలో ఎన్ని నెలలు, సీసాలో ఎన్ని నెలలు అన్నవి ఆ నియమాల్లో ఉంటాయి. డీఓసీజీ సీసా మెడ మీద వరుస సంఖ్య ముద్రించిన కాగితపు పట్టీ అంటించి ఉంటుంది. ఈ అక్షరాలు వైన్ రుచికి హామీ అనుకోకూడదు. అవి పుట్టుకకూ పద్ధతికీ మాత్రమే హామీ. ‘రిసెర్వా’ అని ఉంటే ఎక్కువ కాలం నిలవ చేసి విడుదల చేశారని అర్థం. ‘క్లాసికో’ అంటే ఆ ప్రాంతంలో పాతకాలం నుంచి ఉన్న అసలు నడిబొడ్డు భాగం.

మొదటిసారి రుచి చూడడానికి ఖరీదైన బరోలో కొనవద్దని నా సలహా. దానికి వయసు కావాలి, తాగేవారికి ఓపిక కావాలి. ఈ రెండూ లేకుండా తెరిస్తే డబ్బు పోసి డికాక్షన్ కొనుక్కున్నట్టుంటుంది. దానికి బదులు బరోలో ఉన్న వాయవ్య ఇటలీలోని పియెమొంతె ప్రాంతం నుంచే రెండు సీసాలు, ఒక బర్బెరా, ఒక లాంగె నెబ్బియోలో (లాంగె అన్నది అక్కడి కొండల పేరు), దాదాపు ఒకే పంట సంవత్సరానివి తీసుకోండి. ఈ రెండు ద్రాక్షలూ ఆల్బా పట్టణం చుట్టూ ఉన్న అవే కొండల మీద పండుతాయి. నెబ్బియోలోకు ఎండ బాగా తగిలే దక్షిణపు వాలును ఇచ్చి, బర్బెరాకు మిగిలిన వాలు ఇవ్వడం అక్కడి రైతుల అలవాటు. నేల ఒకటే, వాతావరణం ఒకటే కనుక గ్లాసుల్లో కనిపించే తేడా ఎక్కువగా ద్రాక్షదే.

మూడో మెట్టు: చల్లదనం, గ్లాసు, సమయం

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రత వద్ద తాగాలన్న మాట యూరప్‌లో రాతి గోడల ఇళ్లలో, శీతాకాలంలో పుట్టిన మాట. ఆ గది 16 నుంచి 18 డిగ్రీల గది. హైదరాబాదులోనో విజయవాడలోనో మే నెల గదిని ఆ లెక్కలో వేసుకుంటే వైన్ నాశనమే. వేడెక్కిన వైన్‌లో ఆల్కహాలు ముక్కుకు ఘాటుగా ముందే తగులుతుంది, పండు వాసన మందగిస్తుంది, పులుపు పదును పోతుంది. అలాగని ఫ్రిజ్‌లో గంటల తరబడి ఉంచి నేరుగా పోస్తే వగరు ఒక్కటే పైకి తేలుతుంది. గది వేడిగా ఉన్నప్పుడు సీసాను ముప్పావు గంట ఫ్రిజ్‌లో ఉంచి తీయడం, లేదా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నదాన్ని అరగంట ముందు బయట పెట్టడం మంచి పద్ధతి. బరోలో, టస్కనీ బ్రునెల్లో, తౌరాజి వంటి బరువైనవి 17 డిగ్రీల దగ్గర, బర్బెరా, పియెమొంతెలోనే పండే దొల్చెత్తో, మామూలు కియాంతి 15 డిగ్రీల దగ్గర, నురగలు కక్కే లంబ్రుస్కో 12 డిగ్రీల దగ్గర బాగుంటాయి. మన ఎండాకాలంలో గ్లాసులో పోసినది త్వరగా వేడెక్కుతుంది కనుక కొంచెం కొంచెంగా పోసుకుంటూ ఉండాలి.

నిలవ చేయడంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. టొరినో నుంచి తెచ్చుకున్న ఒక సీసాను మంచి రోజు కోసమని వంటగది పై అరలో దాచాను. రెండు ఎండాకాలాలు గడిచాక తీసి చూస్తే బిరడా మూతి దాటి కాస్త పైకి పొడుచుకొచ్చి ఉంది. తెరిస్తే చెర్రీ, గులాబీ ఉండవలసిన చోట అడుగంటిన జామ్ వాసన వచ్చింది. మంచి రోజు కోసం దాచడం కంటే సీసా ఉన్న రోజునే మంచి రోజు చేసుకోవడం మేలని అప్పటి నుంచి అనుకున్నాను. చల్లగా ఉండే అర ఇంట్లో లేకపోతే వైన్‌ను నెలల తరబడి దాచకూడదు.

గ్లాసు అడుగున వెడల్పుగా, మూతి దగ్గర కాస్త ముడుచుకుని, కాడతో ఉండాలి. తిప్పినప్పుడు వాసన పోగుపడడానికి ఆ ముడుపు, చేతి వేడి తగలకుండా ఆ కాడ. రెండు వైన్లకు ఒకే రకం గ్లాసులు వాడాలి, లేకపోతే పోలిక చెడుతుంది. ఒక్కొక్క దానిలో 50 మిల్లీలీటర్లకు మించి పోయనక్కరలేదు. 750 మిల్లీలీటర్ల సీసా ఆ లెక్కన పదిహేను మందికి సరిపోతుంది. ఒంటరిగా రుచి చూడడం కంటే నలుగురితో చూడడం అందుకే లాభం. పక్కన ఉమ్మడానికి ఒక గిన్నె పెట్టుకోవాలి. అది అమర్యాద కాదు, వృత్తిగా రుచి చూసేవారందరూ చేసే పనే. నాలుగైదు వైన్లు మింగిన తరువాత వచ్చే అభిప్రాయాలను మరునాడు మనమే నమ్మం.

పదేళ్లు దాటిన సీసా అయితే ముందు రోజే నిలబెట్టి ఉంచాలి, మడ్డి అడుగుకు దిగుతుంది. పోసేటప్పుడు ఒకే వేగంతో, ఆపకుండా వేరే పాత్రలోకి వంచుతూ, మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపాలి. లేత నెబ్బియోలో, లేత అల్యానికో అయితే మడ్డి కోసం కాదు, గాలి తగలడం కోసం గంటో రెండు గంటలో ముందు వేరే పాత్రలోకి వంచుకోవచ్చు. బర్బెరాకు ఆ అవసరం దాదాపు ఉండదు.

నాలుగో మెట్టు: చూడడం

తెల్లని కాగితం మీదకు గ్లాసును వంచి, వైన్ అంచును చూడాలి. ఇక్కడే మన రెండు వైన్లు చక్కని పాఠం చెబుతాయి. బర్బెరా ముదురు ఊదా ఎరుపుతో, వేలు పెడితే కనిపించనంత చిక్కగా ఉంటుంది. దాని పక్కన నెబ్బియోలో పలచని దానిమ్మ రంగులో, వెనకాల పెట్టిన అచ్చు అక్షరాలు చదువుకోగలిగేంత పారదర్శకంగా ఉంటుంది. అంచు దగ్గర అప్పుడే ఇటుక ఛాయ కూడా మొదలై ఉండవచ్చు. రంగు చూసి బర్బెరానే ఘాటైనదని అందరూ అనుకుంటారు. నోట్లో పెట్టుకున్నాక అది తప్పని తేలుతుంది. నెబ్బియోలో తొక్కలోని రంగు పదార్థం త్వరగా చెదిరిపోయే రకం, కానీ దాని వగరు మాత్రం ఇటలీలో అన్నిటికన్నా గట్టివాటిలో ఒకటి. ఇటలీ వైన్‌లో రంగు చిక్కదనాన్ని బలానికి కొలతగా తీసుకోకూడదు. సాంజొవేజె, ఎత్నా అగ్నిపర్వతపు నెరెల్లో మస్కలేజె కూడా ఈ పలచని రంగు కుటుంబానివే. గ్లాసు గోడల మీద కారే చారల గురించి చాలామంది గొప్పగా చెబుతారు గానీ, ఆల్కహాలు ఎక్కువ ఉందని తప్ప వాటి నుంచి తెలిసేది ఏమీ లేదు.

అయిదో మెట్టు: వాసన

గ్లాసును కదపకుండా ఒకసారి, బల్ల మీదే ఉంచి నాలుగు చుట్లు తిప్పిన తరువాత మరొకసారి వాసన చూడాలి. దీర్ఘంగా పీల్చనక్కరలేదు. పువ్వును చూసినట్టు చిన్న చిన్నగా రెండు మూడుసార్లు పీలిస్తే చాలు, ఎక్కువసేపు పీలిస్తే ముక్కు అలవాటు పడి గుర్తించడం మానేస్తుంది. మొదట అడగవలసిన ప్రశ్న ‘ఏ వాసన?’ అన్నది కాదు, ‘శుభ్రంగా ఉందా?’ అన్నది. తడిసి ముక్కిపోయిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా దోషం. దాన్ని గాలి తగిలించినా పోగొట్టలేము. వెనిగర్ ఘాటు, గోళ్ల రంగు వాసన వస్తే అది పాడైన వైన్. కొట్టంలో పశువుల వాసన లాంటిది కొద్దిగా ఉంటే కొందరు దాన్ని ఇష్టపడతారు, ఎక్కువైతే అదీ దోషమే. మొదట్లో కాల్చిన అగ్గిపుల్ల వాసన వచ్చి పది నిమిషాల్లో పోతే పట్టించుకోనక్కరలేదు.

శుభ్రంగా ఉందనుకున్నాక గుంపులుగా వెతకాలి: పండా, పువ్వా, ఆకూ మూలికలా, మసాలానా, మట్టీ తోలూ పొగాకులా? ఇంగ్లీషు పుస్తకాల్లోని రాస్ప్‌బెర్రీ, బ్లాక్ కరెంట్ వంటి పేర్లను కంఠస్థం చేసి, తినని పండును వైన్‌లో వెతకడం వృథా ప్రయాస. మీకు తెలిసిన వాసనతోనే పేరు పెట్టండి. నెబ్బియోలోకు తారు, గులాబీ అన్నది ప్రపంచమంతా చెప్పే జంట పేరు. కొత్తగా వేసిన రోడ్డు పక్కన గులాబీ దండ పట్టుకుని నిలబడ్డవారికి దాన్ని వేరే వివరించనక్కరలేదు. సాంజొవేజెలో పుల్ల చెర్రీతో పాటు టమాటా తీగ ఆకును నలిపినప్పుడు చేతికి అంటే పచ్చి వాసన, ఎండిన మూలికల వాసన వస్తాయి. అల్యానికోలో పొగ, ముదురు రేగు జాతి పండు, తోలు. పాతబడిన వైన్లన్నిటిలోనూ ఎండు ఆకులు, పుట్టగొడుగు, పొగాకు వైపు నడక ఉంటుంది.

వెనిల్లా, కాల్చిన కొబ్బరి వాసనలు ముందుకొచ్చి నిలబడితే అవి ద్రాక్షవి కావు, కొత్త ఓక్ పీపావి. బరోలో కొండల్లో 1980ల నుంచి ఈ విషయం మీద పెద్ద తగువే నడిచింది. ఒక తరం వారు 225 లీటర్ల చిన్న ఫ్రెంచి పీపాలు తెచ్చి, తొక్కలను తక్కువ రోజులు నానబెట్టి, త్వరగా తాగడానికి వీలయ్యే వైన్ చేశారు. పెద్దలు వేల లీటర్ల పాత పీపాలను, వారాల తరబడి నానబెట్టే పద్ధతిని వదలలేదు. ఇప్పుడు రెండు వర్గాలూ మధ్యకు జరిగాయి. నా ఇష్టం పెద్ద పీపాల వైపే. ద్రాక్ష వాసన వినిపించాలంటే చెక్క కాస్త మెల్లగా మాట్లాడాలి.

ఆరో మెట్టు: నోట్లో

ఒక మంచి గుక్క తీసుకుని, పెదవుల మధ్య నుంచి కొద్దిగా గాలి లోపలికి పీలుస్తూ, వైన్‌ను నాలుక అంతటా, చిగుళ్ల మీదుగా తిప్పాలి. చప్పుడు అవుతుంది, సిగ్గుపడనక్కరలేదు. తరువాత నాలుగు ప్రశ్నలు, ఈ వరుసలోనే వేసుకోవాలి.

మొదటిది పులుపు. ఉమ్మిన తరువాత తల కాస్త వంచి, నాలుక కింద ఎంత లాలాజలం ఊరుతోందో చూడాలి. బర్బెరాలో అది ధారగా వస్తుంది. రెండోది వగరు. నాలుకను అంగిలికి రాసి చూడాలి. ఎంత ఉంది అన్నదానితో ఆగకుండా ఎలా ఉంది, ఎక్కడ ఉంది అని కూడా అడగాలి. గీరినట్టు ఉందా, సన్నని పొడిలా ఉందా, పట్టుగుడ్డలా ఉందా? బర్బెరాలో నాలుక జారుతూనే ఉంటుంది. నెబ్బియోలోలో ముందు పళ్ల చిగుళ్ల దగ్గర మొదలై, క్షణాల్లో నోరంతా కమ్ముకుంటుంది. మూడోది వేడి, అంటే ఉమ్మిన తరువాత గొంతులో, ఛాతీలో మంట ఎంత అన్నది. అది ఆల్కహాలు కొలత. నాలుగోది నిలకడ: రుచి ఎంతసేపు ఉంటోంది, చివర మిగిలేది ఏమిటి? వగరు ఒక్కటే మిగిలితే వైన్ ఇంకా లేతగా ఉంది, లేదా బలహీనంగా ఉంది. వగరు సర్దుకున్న తరువాత కూడా పండు, పువ్వు మళ్లీ పైకి వచ్చి అర నిమిషం నిలిస్తే అది మంచి వైన్.

తీపి గురించి వేరే చెప్పాలి. ఈ వైన్లలో దాదాపు అన్నిటిలోనూ చక్కెర మిగలకుండా పులియబెడతారు. పండిన పండు వాసనను మెదడు తీపిగా పొరబడుతుంది. ముక్కు మూసుకుని గుక్క తీసుకుంటే ఆ ‘తీపి’ మాయమవుతుంది. దొల్చెత్తో అన్న పేరుకు ‘చిన్న తీయనిది’ అని అర్థం వస్తుంది గానీ, ఆ వైన్ తీయగా ఉండదు. పులుపు తక్కువగా, చివర బాదం గింజ చేదుతో ఉంటుంది.

ఇదంతా అయ్యాక నెబ్బియోలో గ్లాసును ఖాళీ చేయకుండా అలాగే ఉంచి, ఇరవై నిమిషాలకొకసారి తిరిగి చూడాలి. పోసిన వెంటనే మూసుకున్నట్టు ఉండి, కొద్దిగా ఆల్కహాలు, కొద్దిగా చెర్రీ తప్ప ఏమీ ఇవ్వని వైన్, గంట దాటాక గులాబీని బయటపెడుతుంది, ఆ వెనక సోంపు, లవంగం వస్తాయి, రెండో గంటలో వగరు అంచులు కూడా కాస్త మొద్దుబారుతాయి. బర్బెరా అదే రెండు గంటల్లో పెద్దగా మారదు. అది వచ్చీ రాగానే ఉన్నదంతా చెప్పేసే మనిషి, నెబ్బియోలో పరిచయం పెరిగితే గానీ నోరు విప్పని మనిషి.

ఏడో మెట్టు: ద్రాక్షలను ఒక్కొక్కటిగా పరిచయం చేసుకోవడం

నెబ్బియోలో పేరుకు మూలం పొగమంచు అనే అర్థమున్న ‘నెబ్బియా’ అని సాధారణంగా చెబుతారు. అక్టోబరులో, లాంగె కొండలకు మంచు కమ్మే రోజుల్లో, ఈ ద్రాక్ష కోతకు వస్తుంది. బరోలో, బర్బరెస్కో రెండూ నూటికి నూరు శాతం నెబ్బియోలోనే. నియమాల ప్రకారం బరోలో కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్కలో ఉండాలి. బర్బరెస్కోకు 26 నెలలు, అందులో 9 చెక్కలో. బరోలో ప్రాంతం పదకొండు ఊళ్లది. పడమటి వైపున లా మొర్రా ఊరి వైన్లు పరిమళంగా, కాస్త మెత్తగా ఉంటాయని, తూర్పున సెర్రలుంగా ద అల్బా, దక్షిణాన మొన్‌ఫోర్తె వైన్లు గట్టిగా, నిదానంగా ముదురుతాయని పేరు. ఆ తేడాను నేల స్వభావానికి ముడిపెడతారు. ఈ రెండు వైపుల బరోలోలను, 2016 వంటి మంచి సంవత్సరానివి దొరికితే, పక్కపక్కన పెట్టి చూడడం రెండో ఏడాది పాఠంగా పెట్టుకోవచ్చు.

బర్బెరాకు చాలాకాలం రోజువారీ కూలివాడి వైన్ అన్న పేరుండేది. 1986లో కొందరు దుర్మార్గులు చవక వైన్‌లో మిథనాల్ కలపడంతో ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బ పియెమొంతె మీద, ముఖ్యంగా బర్బెరా పేరు మీద పడింది. తక్కువ పంట తీసి మంచి వైన్ చేయడం తప్ప గతి లేదని ఆ తరువాత అక్కడివారు తెలుసుకున్నారు. బర్బెరా ద అస్తి 2008లో డీఓసీజీ అయింది.

సాంజొవేజె టస్కనీ ప్రాణం. దీన్ని అర్థం చేసుకోవాలంటే కొంత చరిత్ర తెలియాలి. 1716లోనే టస్కనీని ఏలిన మూడో కోసిమో మెదిచి ప్రభువు కియాంతి హద్దులు నిర్ణయిస్తూ శాసనం చేశాడు. 1872లో బెత్తీనో రికాసోలి అనే భూస్వామి, ఏకీకృత ఇటలీకి రెండో ప్రధానమంత్రిగా పనిచేసినవాడు, తన లేఖలో కియాంతి పాకం చెప్పాడు: పరిమళానికీ బలానికీ సాంజొవేజె, దాన్ని మెత్తబరచడానికి కనయోలో, త్వరగా తాగే వైన్‌కైతే తెల్లద్రాక్ష మల్వాజీయా. ఆ చివరి మాటను పట్టుకుని 1967 నియమాలు తెల్లద్రాక్షను తప్పనిసరి చేయడంతో, గడ్డి అల్లిన సీసాల్లో వచ్చే కియాంతి చాలావరకు పలచబడింది. ఇప్పుడు కియాంతి క్లాసికోలో కనీసం 80 శాతం సాంజొవేజె ఉండాలి, 2006 నుంచి తెల్లద్రాక్షకు చోటే లేదు. మెడ మీద నల్ల కోడిపుంజు బొమ్మ దీని గుర్తు. దక్షిణాన మొంతల్చీనోలో వేడి ఎక్కువ. అక్కడి బ్రునెల్లో పూర్తిగా సాంజొవేజెతోనే చేస్తారు, కోత తరువాతి అయిదో సంవత్సరం జనవరి 1 దాకా అమ్మకానికి విడుదల చేయరు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే, కియాంతి క్లాసికోలో పుల్ల చెర్రీ పదునుగా, బ్రునెల్లోలో అదే చెర్రీ ఎండబెట్టినట్టు ముదిరి, వగరు వెడల్పుగా ఉంటుంది. కానీ రెండింటిలోనూ పులుపు వెన్నెముకలా నిటారుగా నిలుస్తుంది.

దక్షిణాదికి వెళితే అల్యానికో. కంపానియాలో తౌరాజి, బజిలికాతాలో ఆరిపోయిన వూల్తురె అగ్నిపర్వతం వాలు దాని ఇళ్లు. ఎండల దేశమే అయినా ఎత్తైన కొండల మీద అక్టోబరు చివరికి, కొన్నేళ్లు నవంబరుకు గానీ పండదు కనుక పులుపు పోదు. వగరులో నెబ్బియోలోకు దీటు, రంగులో దాని కంటే చిక్కన. సిసిలీలో ఎత్నా వాలుల మీద, నల్ల లావా రాళ్లతో కట్టిన మెట్ల పొలాల్లో, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు వరకూ నెరెల్లో మస్కలేజె పెంచుతారు. పలచని రంగు, ఉప్పదనం తగిలే ముగింపు దాని లక్షణాలు.

ఉత్తరాన వెరోనా నగరం దగ్గరి వల్పొలిచెల్లాలో కొర్వీనా అనే ద్రాక్ష ప్రధానంగా ఉన్న గుత్తులను కోశాక మూడు నాలుగు నెలలు గాలికి ఆరబెట్టి, ఎండుద్రాక్షకు దగ్గరగా వచ్చాక పిండి అమరోనె చేస్తారు. ఆల్కహాలు తరచు 15 శాతం దాటుతుంది. చిన్న గ్లాసు చాలు. ఉంబ్రియాలోని సగ్రంతీనో వగరులో అందరినీ మించినది, ధైర్యం ఉన్నవారికి. పూల్యాలోని ప్రిమితీవో, కాలిఫోర్నియాలో జిన్‌ఫాండెల్ అనే ద్రాక్ష ఒకటేనని జన్యు పరీక్షల్లో తేలింది, మూలం క్రొయేషియా. మెత్తగా, పండుగా ఉంటుంది కనుక కొత్తవారికి నచ్చుతుంది, నాకు మాత్రం రెండో గ్లాసుకు విసుగొస్తుంది.

ఎనిమిదో మెట్టు: బల్ల మీద

ఈ వైన్లను ఒట్టిగా రుచి చూడడం సగం పని మాత్రమే. నెబ్బియోలోకు పియెమొంతెలో గుడ్డు సొనలతో చేసిన సన్నని తజరీన్ నూడుల్స్ మీద వెన్న, శరదృతువులో అయితే తెల్ల ట్రఫుల్ (నేల లోపల పెరిగే పుట్టగొడుగు లాంటిది) తురుము వేస్తారు. సాంజొవేజెకు ఫ్లోరెన్సు పద్ధతిలో నిప్పుల మీద కాల్చిన మందపాటి మాంసం, లేదా టమాటా రసంలో ఉడికినది ఏదైనా పెడతారు. టమాటా పులుపును తట్టుకోవాలంటే వైన్‌లోనూ పులుపు ఉండాలి, లేకపోతే వైన్ చప్పగా తోస్తుంది. బొలోన్యా, మోదెనా ప్రాంతంలో పంది మాంసపు సాసేజీల కొవ్వును లంబ్రుస్కో నురగ కడిగేస్తుంది.

మన భోజనంతో తాగాలనుకునేవారు ఒక్క సూత్రం గుర్తుంచుకోవాలి: కారం వగరునూ ఆల్కహాలు మంటనూ రెట్టింపు చేస్తుంది, పులుపు వైన్‌ను మెత్తబరుస్తుంది. గుంటూరు మిరపకాయ ఘాటుతో చేసిన వేపుడు పక్కన బరోలో పెడితే నోరు మండుతుంది, వైన్ చేదెక్కుతుంది. అది నేను చేసి చూసిన తప్పే. గోంగూర మాంసంలో కారం తగ్గించి వండితే, ఆ పులుపుకు బర్బెరా బాగా కుదురుతుంది, చల్లని లంబ్రుస్కో ఇంకా బాగా. గట్టి వగరు వైన్లకు మిరియాలతో, ఉల్లిపాయతో నిదానంగా వేగిన మేక మాంసం నయం.

రాసుకోవడం, మిగిలినది దాచడం

ప్రతి వైన్‌కూ సీసా మీది పేరు, సంవత్సరం, తెరిచిన తేదీ రాసి, కింద పులుపు, వగరు, వేడి, నిలకడ అన్న నాలుగింటికీ అయిదుకు ఎన్ని అని వేసుకుని, వాసనకు మీకు తోచిన ఒకటి రెండు మాటలు చాలు. పొడుగాటి వర్ణనలు మరునెల చదివితే ఏ వైన్ గురించో తెలియదు. పది వైన్లు అయ్యాక వెనక్కి తిప్పి చూస్తే, పులుపు అయిదు, వగరు ఒకటి అన్న చోట బర్బెరా అని, రెండూ అయిదు అన్న చోట నెబ్బియోలో లేదా అల్యానికో అని సీసా పేరు మూసినా చెప్పగలుగుతారు.

మిగిలిన వైన్‌కు బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచాలి. మరునాడు బయటకు తీసి, చల్లదనం తగ్గాక మళ్లీ రుచి చూడాలి. బర్బెరా కాస్త వాడిపోయి ఉంటుంది, లేత నెబ్బియోలో చాలాసార్లు మొదటి రోజు కంటే బాగుంటుంది. మూడో రోజుకూ మిగిలితే అది వంటకే. పియెమొంతెలో మాంసం ముక్కను ఉల్లి, క్యారెట్, లవంగాలతో పాటు రెడ్ వైన్‌లో ఒక రాత్రి నానబెట్టి, మరునాడు అదే వైన్‌లో మూత పెట్టి సన్నని మంట మీద మూడు గంటలు ఉడికిస్తారు.